కోయకూడని గొర్రె

పశువైద్య శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగి, కాసేపు కబుర్లయ్యాక అందరూ ఒకటే అడుగుతారు: మీ సర్వీసులో మీరు పట్టుకున్న పెద్ద కేసు ఏది సార్ అని. పట్టుకున్నవి నాకు పెద్దగా గుర్తులేవు. పట్టుకుని కూడా నోరు మూసుకున్నది ఒకటి గుర్తుంది. దానివల్ల ఒక ఆడమనిషికి కుడిచెయ్యి పనికి రాకుండా పోయింది. మీరు ఇవాళో రేపో అలాంటి గొర్రె ముందు నిలబడతారు కాబట్టి రాస్తున్నాను.

నేను డాక్టరును కాను. ఇంటర్ తప్పి కాంపౌండరుగా చేరాను. శాఖ వాళ్లు నా ఉద్యోగానికి పేర్లు మార్చుకుంటూ పోయారు గానీ ఊళ్లో వాళ్లకు చివరిదాకా కాంపౌండరు సారునే. పత్తికొండకు అవతల ఒక పల్లెలో మా కేంద్రం. ఒక గది, ముందు రేకుల వసారా, ఎద్దును నిలబెట్టి సూది వేయడానికి ఇనుప గొట్టాల చట్రం. డాక్టరు గారు మండల కేంద్రంలో ఉండేవారు. వారానికి ఒక రోజు వచ్చి సంతకాలు పెట్టి వెళ్లేవారు. మిగతా రోజులు నేనూ అటెండరూ. ఆయన నాకంటే పెద్దవాడు. సంతకం తప్ప ఇంకేమీ రాయడం రాదు. గొర్రెల మందలో పుట్టి పెరిగిన మనిషి.

నాకు మాత్రం చదువు పిచ్చి. ప్రతి ఆదివారం బస్సెక్కి టౌను గ్రంథాలయానికి పోయేవాణ్ని. సూక్ష్మజీవుల మీద తెలుగులో ఉన్న పుస్తకాలన్నీ అక్కడే చదివాను. అవి అయిపోయాక, డాక్టరు గారు వద్దనుకుని అటక మీద పడేసిన ఇంగ్లీషు వైద్య గ్రంథం అడిగి తెచ్చుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని, రోజుకు అరపేజీ చొప్పున మూడేళ్లు చదివాను. నోటు పుస్తకాలు పదకొండు నింపాను. కంటికి కనపడని ప్రాణి ఒకటి మట్టిలోంచి గడ్డికి, గడ్డిలోంచి గొర్రె నోటికి, గొర్రె నెత్తుట్లోంచి మనిషి చేతికి ఎలా నడిచొస్తుందో చదువుతుంటే నాకు వేరే లోకం తెరుచుకున్నట్టు ఉండేది. ఆ చదువు మీద నాకు ఇప్పటికీ గర్వమే. దాన్ని నలుగురి ముందు ఒలకబోయాలన్న ఆత్రం మీద మాత్రం లేదు.

రిటైర్మెంటుకు ఇంకా ఆరేళ్లుందనగా జరిగింది. ఆ ఏడు తొలకరి వానలు రెండు గట్టిగా పడ్డాయి. గట్ల మీద పచ్చిక లేచింది. మీకు తెలుసు, ఆకలి మీదున్న గొర్రెలు ఆ లేతగడ్డి విరగబడి మేస్తే చిటుకు రోగం వస్తుంది. రాత్రి బాగున్న గొర్రె తెల్లారేసరికి చచ్చి ఉంటుంది. మందలో ఏది బాగా బలిసిందో అదే ముందు పోతుంది. ఆ పదిరోజుల్లో నేను అలాంటివి ఏడు చూశాను. ఏడింటినీ కోసి, మెత్తబడిన మూత్రపిండాలు తీసి, జనానికి చూపించి చెప్పాను. ఎనిమిదో కబురు ఊరి బయట దొడ్డి వేసుకున్న మొగుడూపెళ్లాల దగ్గర్నించి వచ్చింది.

మేము పోయేసరికి పొద్దు రెండు బారలు ఎక్కింది. దొడ్డి పక్కన గొర్రె వెల్లకిలా పడి ఉంది, కడుపు ఉబ్బి. చుట్టూ ఆరేడుగురు చేరారు. ఆ ఇంటావిడ ముఖం అంతా దిగులు.

"రోంత పానముండంగా సూసింటే గొంతు కోసేటోళ్లం సార్," అంది. "తెల్లారి లేసి సూస్తే ఇట్లుండాది."

ఆ మాట మీకు వివరించాలి. అక్కడ గొర్రె తూలడం మొదలుపెట్టిందంటే కత్తి తీస్తారు. ప్రాణం ఉండగా కోస్తే అది కోసిన కూర. పోయాక కోస్తే చచ్చిన కూర. కోసిన కూరను పాలు వేసి, అంటే వాటాలు చేసి, అయినవాళ్లు పంచుకుంటారు. చచ్చినదాన్ని ముట్టుకోవడానికి కొంచెం వెనకాడతారు, ఎవరైనా తెలిసినవాడు ఫరవాలేదు అనేవరకు. ఆ రోజు ఆ తెలిసినవాణ్ని నేను.

అటెండరు గొర్రె తల దగ్గర గొంతుక్కూర్చున్నాడు. వేలు తగలకుండా పుల్లతో మూతి పక్కకు తిప్పాడు.

"ముక్కులో నెత్తురు ఉండాది సూడప్పా. నల్లగా ఉండాది. గడ్డ గట్టల్యా."

"కడుపు ఉబ్బితే వస్తుందిలే," అన్నాను.

"కత్తి ఎత్తొద్దు. మా నాయన ఇట్లాంటిదాన్ని కొయ్యనిస్తాండ్ల్యా. గొర్రెను గొర్రె మాదిరే గుంతలో పెడ్తాండె."

"మీ నాయన ఏ పుస్తకంలో చదివినాడో?" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అటెండరు కూడా కొంచెం నవ్వి లేచి పక్కకు పోయాడు.

కత్తి తీస్తూ నేను చిటుకు రోగం గురించి చెప్పడం మొదలుపెట్టాను. పేగుల్లో క్రిములు ఎలా పెరుగుతాయి, విషం ఎలా చిమ్ముతాయి, అంతా. ఒకాయన మధ్యలో అడిగాడు.

"తినేకి పనికొస్తాదా సార్?"

"చిటుకు మనుషులకు అంటదు," అన్నాను.

ఇంటావిడ వెనక కాళ్లు పట్టుకుంది. ఆమె మొగుడు ముందు కాళ్లు పట్టుకున్నాడు. కోశాను.

నెత్తురు తారులాగా కారింది. కారుతూనే ఉంది, గడ్డకట్టలేదు. లోపల చెయ్యి పెట్టి ప్లీహం తీశాను. మూడింతలు ఉబ్బి ఉంది. వేళ్ల మధ్య నేరేడుపండ్ల గుజ్జులాగా జారిపోయింది. మూత్రపిండాలు గట్టిగానే ఉన్నాయి. ఇక వాటిని చూడాల్సిన పని కూడా లేదు. అది దొమ్మ రోగం, ఇంగ్లీషులో ఆంత్రాక్స్ అంటారు. ఇంగ్లీషు గ్రంథంలో ఆ పేజీ మీద నేను రెండు వారాలు కూర్చున్నాను. మొదటి వాక్యమే అది: అనుమానం ఉంటే కళేబరాన్ని తెరవకూడదు.

ఎందుకు తెరవకూడదో కూడా నాకు తెలుసు. దొమ్మ క్రిమి గొర్రె ఒంట్లో ఉన్నంతసేపు మెత్తటి ప్రాణి. కళేబరాన్ని ముట్టుకోకుండా వదిలేస్తే లోపలి కుళ్లే దాన్ని రెండు మూడు రోజుల్లో తినేస్తుంది. కోస్తే దానికి గాలి తగులుతుంది. గాలి తగిలాక అది చుట్టూ గట్టి పెంకు కట్టుకుని గింజలాగా మారిపోతుంది. సిద్ధబీజం అంటారు. ఎండ దాన్ని ఏమీ చేయలేదు. వాన ఏమీ చేయలేదు. మట్టిలో దశాబ్దాలు పడుకుని, ఒక వానాకాలం గడ్డి వేళ్లతో పాటు పైకి వచ్చి ఇంకో గొర్రె నోట్లో పడి మేలుకుంటుంది. మనిషి చేతి మీద ముల్లు గీరిన గీత ఉన్నా చాలు, అందులోంచి లోపలికి పోతుంది. ఆ గాలి తగిలించింది నా కత్తి.

తలెత్తితే అటెండరు నన్నే చూస్తున్నాడు.

"చిటుకేనా సార్?" అన్నాడు ఇంటాయన.

ఆ క్షణంలో 'కాదు' అంటే సరిపోయేది. ఒక్క మాట. ఎవరి నాయన చదువును ఇప్పుడే ఎగతాళి చేశానో ఆ అటెండరు పక్కనే నిలబడి ఉన్నాడు. నవ్వినవాళ్లు ఆరుగురు ఉన్నారు.

"ఊఁ," అన్నాను. "అయినా తినొద్దు. లోతుగా గుంత తీసి పూడ్చండి. పైన సున్నం పోయండి."

"చిటుకైతే పూడ్సేది యాల సార్?"

"చెప్పింది చెయ్యండి."

నేనూ అటెండరూ పక్కకు పోయి డెట్టాలుతో మోచేతుల దాకా రెండుసార్లు కడుక్కున్నాం. ఆ మొగుడూపెళ్లాలు గొర్రెలు తాగే తొట్టిలో చేతులు ముంచి, కట్టుకున్న గుడ్డలకు తుడుచుకున్నారు. చూస్తూనే ఉన్నాను.

ఒక గాజు పలక మీద నెత్తురు చుక్క పూసి తెచ్చాను. మోటారు సైకిలు మీద నేరుగా డాక్టరు గారి దగ్గరికి పోయాను. ఆయన రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టారు. చాలాసేపు చూశారు. నన్ను చూడమన్నారు. వెదురు కణుపులు వరసగా అతికించినట్టు కడ్డీలు. పుస్తకంలో బొమ్మగా చూసినదాన్ని మొదటిసారి ఎదురుగా చూశాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు సంతోషం వేసింది.

"కోసింది ఎవరు?" అన్నారు డాక్టరు గారు.

"నేనే సార్."

"పదకొండు నోటు పుస్తకాలు రాసినావు. కోయకూడదని ఏ పుస్తకంలోనూ లేదా?"

నేను సంచిలోంచి మా కేంద్రం రిజిస్టరు తీసి బల్ల మీద పెట్టాను.

"ఇప్పుడు దొమ్మ అని రాస్తే పైనుంచి జీపు దిగుతుంది. సంత ఆపుతారు. పక్క వారం జాతర, అది ఆపుతారు. ఇదంతా ఎట్లా తెలిసింది అని అడుగుతారు. మా కాంపౌండరు నలుగురిని చుట్టూ నిలబెట్టి కోసి చూపించాడు సార్ అని నేను రాయాలి. రాయమంటావా?"

"వద్దు సార్."

"చిటుకని రాయి. ఊళ్లో గొర్రెలన్నిటికీ చిటుకు టీకా వేసెయ్యి. జనానికి తృప్తిగా ఉంటుంది."

నేను అక్కడే బల్ల మీద ఆ నెల రిజిస్టరులో చిటుకు అని రాశాను. ఆయన గాజు పలకను సూదులు మరిగించే నీళ్లలో పడేశారు. తర్వాత సొరుగు తీసి మాత్రల పట్టీలు రెండు నా చేతిలో పెట్టారు.

"నువ్వూ అటెండరూ వారం రోజులు తప్పకుండా మింగండి."

సాయంత్రం ఒక పట్టీ అటెండరుకు ఇచ్చాను. అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"వాళ్లకో?" అన్నాడు.

"వాళ్లకు ఇస్తే ఎందుకని అడుగుతారు," అన్నాను.

ఆయన పట్టీ జేబులో వేసుకున్నాడు. మింగాడో లేదో నాకు తెలియదు. నేను మాత్రం ఒక్క పూట తప్పకుండా మింగాను.

మూడు రోజులు ఆ ఊళ్లో చిటుకు టీకా వేశాను. దొమ్మను అది ఆపలేదు. ఒకే సూదితో మంద మంద అంతా పొడుచుకుంటూ పోయాను, అప్పట్లో అదే పద్ధతి. సూది మీద ఏం మోసుకు పోయానో నాకే తెలియదు. ఆ మూడు రోజుల్లో ఇంకో నాలుగు గొర్రెలు పోయాయి. అన్నిటినీ చిటుకు కిందే రాశాను. ఒక అబద్ధం రాశాక రెండోది రాయడానికి చెయ్యి వణకదు.

నాలుగో రోజు ఆ ఇంటావిడ ఒక గొర్రెపిల్లను సంకనేసుకుని కేంద్రానికి వచ్చింది. పిల్లకు సూది వేయించుకుని, పోతూ పోతూ ఆగి, కుడిచేతి ముంజేతి మీద కట్టిన గుడ్డ విప్పింది.

"ఇదేందో సూడు సార్. కంప గీరింది అనుకుంటి. నొప్పి ల్యా ఏమీ ల్యా. నల్లగా అయితాండాది."

రూపాయి బిళ్లంత పుండు. నడుమ బొగ్గులాంటి నల్లటి పెచ్చు. చుట్టూ ఉబ్బు. నొప్పి లేకపోవడమే దాని మోసం. నొప్పి ఉంటే మనిషి పని ఆపి ఆసుపత్రికి పోతాడు.

"టౌను పెద్దాసుపత్రికి పో అమ్మా, ఈరోజే," అన్నాను.

"నొప్పే ల్యాకపాయె, దీనికి పెద్దాసుపత్రా?" అని నవ్వింది. "గొర్రెల కాడ ఎవురుంటారు సార్?"

"పొమ్మంటే పో."

అటెండరు వసారాలో మందు సీసాలు తుడుస్తున్నాడు. ఆమె దాటిపోయేవరకు ఆగాడు.

"ఏమని పోవల్ల అప్పా ఆయమ్మ? ఏం రోగమని చెప్పుకోవల్ల?"

"డాక్టర్లు చూస్తే తెలుస్తుంది," అన్నాను.

ఆమె రెండు రోజులు పోలేదు. ఊళ్లో వైద్యం చేసేవాడి దగ్గర ఏదో పసరు కట్టించుకుంది. మూడో రోజు జ్వరం వచ్చి, చెయ్యి భుజం దాకా ఉబ్బితే మొగుడు జీపులో టౌను ఆసుపత్రికి తీసుకుపోయాడు. మర్నాడు పొద్దున నాకు ఫోను చేశాడు. గొంతులో ఏడుపు.

"సార్, డాక్టరమ్మ శానా మంచిది. గొర్రెలేమన్నా సచ్చినాయా, మీరేమన్నా కోసినారా అని అడిగింది. సచ్చింది నిజమే, మా కాంపౌండరు సారే కోసి సూసి చిటుకు రోగమని తేల్సినాడు, అది మనుసులకు అంటదంట అని చెప్తిని. అట్లనా అని కాయితంలో రాసిండే రోగం పేరు కొట్టేసింది. ఇప్పుడు చెయ్యి కుళ్లిపోతాండాది, తీసెయ్యల్లేమో అంటాండారు. నువ్వొకసారి వచ్చి మాట్లాడు సార్. నువ్వు సదువుకున్యోడివి."

పిల్లలూ, ఈ మాట రెండుసార్లు చదవండి. ఆ డాక్టరమ్మ సరైన ప్రశ్నే అడిగింది. జవాబు చెప్పింది ఆ మొగుడు కాదు, నేను. అక్కడ లేకుండానే చెప్పాను.

బస్సులో గంటన్నర. ఆసుపత్రి వరండాలో డాక్టరమ్మ ఎదురుపడింది. చిన్న వయసు. నేను ఎవరినో చెప్పుకుని, అది చిటుకు కాదు దొమ్మ, మైక్రోస్కోపులో చూశాం అని ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

"ఎప్పుడు చూశారు?"

"ఎనిమిది రోజులైంది అమ్మా."

ఆమె నన్ను తిట్టలేదు. నా ముఖం చూడటం మానేసింది. నర్సును పిలిచి పెన్సిలిన్ మొదలుపెట్టమంది. కొన్ని దశాబ్దాలుగా మన కేంద్రాల్లో కూడా బీరువా నిండా ఉండే మందు అది.

మంచంలో ఆ ఇంటావిడ చెయ్యి దిండు మీద పెట్టుకుని పడుకుని ఉంది. నన్ను చూసి లేవబోయింది. మొగుడు నా కాళ్లు పట్టుకున్నాడు. పట్టుకోనిచ్చాను.

చెయ్యి తీసేయాల్సిన అవసరం రాలేదు. కుళ్లిన కండ మాత్రం తీశారు. అది మానేటప్పుడు చర్మం ముడుచుకుని వేళ్లు సగం వంగి అలాగే బిగుసుకుపోయాయి. పుండు నుంచి నమూనా తీసి పరీక్షకు పంపారు. అప్పటికే మందు పడిపోయింది కాబట్టి అందులో ఏ క్రిమీ మొలకెత్తలేదు. ఆమెను బతికించిన మందే రుజువును కూడా చంపేసింది. ఆసుపత్రి కాగితాల్లో అనుమానం అని మాత్రం మిగిలింది. నాకు అది అప్పుడు ఊరటగా అనిపించింది. ఇప్పుడు చెప్పుకోవడానికి అసహ్యంగా ఉంది.

ఊళ్లో కథ వేరేగా పాకింది. పెద్దాసుపత్రి డాక్టర్లకు తెలియని రోగాన్ని మా కాంపౌండరు సారు పుస్తకాలు చదివి పట్టుకున్నాడు, పరిగెత్తుకుంటూ పోయి ప్రాణం నిలబెట్టాడు. నేను రిటైరైన రోజు పాఠశాల ఆవరణలో నాకు శాలువా కప్పి ఇదే చెప్పారు. శాలువా కప్పింది ఆమె మొగుడు. చేతులు జోడించి కప్పించుకున్నాను.

అటెండరు నాకంటే ముందే రిటైరయ్యాడు. జరిగింది ఎవరికీ చెప్పలేదు. ఒకసారి పత్తికొండ బస్టాండులో కలిస్తే అడిగాను, ఎందుకు చెప్పలేదని.

"చెప్తే నీ ఉద్యోగం పోతాది. ఆయమ్మ వేళ్లు సక్కగవుతాయా?" అన్నాడు. బస్సు వైపు నడవబోతూ, "నేను గుడకా మింగినాలే అప్పా, ఆ మాత్రలు," అన్నాడు. నా మీద కంటే తన మీదే ఎక్కువ కోపంగా ఉన్నట్టు అనిపించింది.

రిటైరైన మరుసటేడు ఆ తప్పు దిద్దాలని ఆఫీసుకు పోయాను. దొమ్మ టీకా ఏటా అన్ని ఊళ్లకూ వేయరు. రోగం వచ్చినట్టు రికార్డులో ఉన్న ఊళ్లకే వేస్తారు. ఆ ఊరు జాబితాలో లేదు. అర్జీ రాసి, చేసింది చేసినట్టు ఒప్పుకుని సంతకం పెట్టి ఇచ్చాను. అక్కడి కొత్త అధికారి మర్యాదస్తుడు, కుర్చీ వేశాడు.

"ల్యాబు రిపోర్టు ఉందా సార్?"

"లేదు."

"స్లైడు?"

"లేదు."

"మనిషి రిపోర్టులో నిర్ధారణ అయిందా?"

"కాలేదు."

"మరి మీ చేత్తో మీరే చిటుకని రాశారు కదా సార్," అన్నాడు. వెటకారంగా అనలేదు. అర్జీ తీసుకుని లోపల పెట్టుకున్నాడు. జవాబు రాలేదు.

పోయిన తొలకరికి వాళ్ల దొడ్డికి పోయాను. ఆమె ఎడమచేత్తో చీపురు పట్టుకుని ఊడుస్తోంది. మొగుడు మందతో పోయి ఉన్నాడు. మంచం వాల్చింది. నేను కూర్చోకుండానే అంతా చెప్పాను. ముక్కులో నెత్తురు, ఊఁ అన్న అబద్ధం, మాత్రలు, రిజిస్టరు. ఆమె చీపురు కింద పెట్టి, గోడవారగా కూర్చుని విన్నది.

"నువ్వు పొయినంక గుంతలోంచి ఎత్తినాము సార్," అంది చివరికి. "తోలు నేనే ఒలిస్తిని. కూర నలుగురికీ పాలేస్తిమి. బాగా ఉడకబెట్టుకుంటిమి, ఏం కాలేదు. మిగిలింది మళ్ల పూడ్సినాము. నువ్వు చెప్పిన మాట ఇనలేదని నేను ఇన్నాళ్లు సిగ్గు పడ్తాంటి."

నేను మంచం అంచున కూర్చున్నాను.

"పూడ్సమంటివి. ఎందుకో చెప్పలేదు. చెప్పింటే ముట్టేటోళ్లం గాదు. మాకు పానం తీపి ల్యాదా?"

"ఉంది అమ్మా."

"ఆ గుంత కాడ ఇప్పుడు గుడకా గొర్రెలు మేస్తాండాయి. మేపొద్దా?"

"మేపొద్దు."

"ఎన్ని దినాలు?"

"నువ్వూ నేనూ పోయినాక కూడా."

ఆమె ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. తిడుతుందేమో అనుకున్నాను, తిడితే బాగుండేది. లేచి, దొడ్డి పక్కన పడి ఉన్న కంప ఒకటి ఎడమచేత్తో పట్టుకుని గుంత వైపు ఈడ్చుకుంటూ పోయింది. వంగిన కుడిచేతి వేళ్లతో దాన్ని పట్టుకోబోయింది గానీ జారిపోయింది. నేను ఇంకో కంప తీసుకుని వెనకే పోయాను. ఇద్దరం కలిసి ఆ చోటు చుట్టూ కంప వేశాం. అరగంట పట్టింది. ఆమె నాతో మళ్లీ మాట్లాడలేదు.

ఆ మంద ఇప్పుడు అటు పోదు. మిగతా మందలకు కంప సంగతి ఆమె చెప్పి ఉంటుందనుకుంటాను. చెప్పడానికి ఆమె తప్ప ఎవరూ లేరు. ప్రభుత్వ రికార్డుల ప్రకారం ఆ ఊళ్లో దొమ్మ రోగం ఎన్నడూ రాలేదు.